జీతంలో కోత, ఆసుపత్రిలో కార్డు
పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఉద్యోగుల ఆరోగ్య పథకాల గురించి మీ అనుభవాలూ అనుమానాలూ రాయమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో కోపమే ఎక్కువగా ఉంది, ఆ కోపంలో న్యాయమూ ఉంది. అయితే పథకం మంచిదా చెడ్డదా అని తేల్చుకునే ముందు దానిలో ఏముందో పూర్తిగా చదివినవాళ్లు తక్కువని కూడా ఆ ఉత్తరాలే చెబుతున్నాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఊళ్లు వేశాం, పేర్లు వేయలేదు.

ప్రశ్న: నేను ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ అసిస్టెంటుని. ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) పేరుతో నెలకు 225 రూపాయలు కోస్తున్నారు. తొమ్మిదేళ్లలో మా ఇంట్లో ఎవరూ ఆసుపత్రిలో చేరలేదు. ఆ డబ్బుతో ప్రైవేటు పాలసీ కట్టుకోవడం నయం కదా? ఈ కోత ఆపించుకోవచ్చా?
- కాకినాడ

జవాబు: ఆపించుకునే వీలు లేదు, చందా తప్పనిసరి. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే ఒకరి జీతంలో కోస్తే చాలు. మీ ఇంట్లో ఇద్దరికీ కోస్తుంటే జీతం బిల్లు చేసే అధికారి డీడీఓకి దరఖాస్తు ఇచ్చి ఒకరిది ఆపించండి.

ఇక నయమా కాదా అన్నది చూద్దాం. 2013 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం మొదలైనప్పుడు చందా కింది శ్లాబులకు (జీతం స్థాయిని బట్టి చేసిన విభాగాలకు) 90, పై శ్లాబుకు 120 రూపాయలు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో అవి తర్వాత 225, 300 అయ్యాయి. మీ లెక్కన ఏడాదికి 2,700 రూపాయలు. ఈ సొమ్ముకి మీరూ, మీ భార్యా, పిల్లలతోపాటు పూర్తిగా మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా వస్తారు. చాలామంది లెక్కలో వేసుకోనిది ఈ చివరి మాటే.

మీ నాన్నగారికి 68 ఏళ్లు, పదేళ్లుగా షుగరు ఉందనుకోండి. ప్రైవేటు పాలసీ కోసం వెళితే ముందు వైద్య పరీక్షలు చేయిస్తారు. ఆయన వయసుకీ జబ్బుకీ తగ్గట్టు ప్రీమియం వేస్తారు. అప్పటికే ఉన్న జబ్బుకు 36 నెలల దాకా క్లెయిము రాదని షరతు పెట్టొచ్చు, 2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ అనుమతిస్తున్న గరిష్ఠ గడువు అది. శుక్లాలు, హెర్నియా, మోకీళ్ల మార్పిడి లాంటివాటికీ విడిగా నిరీక్షణ గడువు ఉంటుంది. ఉద్యోగుల పథకంలో ఇవేవీ లేవు. కార్డులో పేరు ఎక్కితే చాలు, పాత జబ్బుకైనా జాబితాలో ఉన్న చికిత్స చేయించుకోవచ్చు. వయసు పెరిగిందని చందా పెరగదు. రిటైరయ్యాక కూడా కార్డు ఉంటుంది.

లోపాలూ చెప్పాలి. ఇది జాబితాలో ఉన్న చికిత్సలకు, ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సినవాటికి పనికొచ్చే పథకం. మామూలు జ్వరానికి వీధి చివరి డాక్టరు ఫీజు, నెలనెలా కొనే బీపీ మాత్రల ఖర్చు చాలావరకు మీ జేబులోంచే పోతాయి. పథకంతో ఒప్పందమున్న ఆసుపత్రుల జాబితాలో, అంటే నెట్‌వర్క్‌లో లేని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే కార్డు పనిచేయదు.

అందుకే మా సలహా: కార్డు ఉంచుకుని, స్తోమత ఉంటే పైన ఒక సూపర్ టాప్-అప్ తీసుకోండి. 5 లక్షల డిడక్టబుల్ ఉన్న పాలసీ అంటే ఏడాదిలో మీ ఆసుపత్రి ఖర్చు 5 లక్షలు దాటాక ఆ పై మొత్తం మాత్రమే ఇస్తుంది, అందుకే ప్రీమియం తక్కువ. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈహెచ్‌ఎస్‌లో పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ఆసుపత్రికి ప్యాకేజీ మొత్తం (ఆ చికిత్సకు ముందే ఖరారైన ధర) చెల్లిస్తుంది, వివరంగా రాసిన బిల్లు మీ చేతికి రాదు. ఆ చెల్లింపును డిడక్టబుల్ కింద లెక్కిస్తారా, లెక్కిస్తే రుజువుగా ఏ కాగితం అడుగుతారు అన్నది పాలసీ కొనక ముందే కంపెనీ చేత రాయించుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. కొటేషన్‌లో ఇంకా 18 శాతం కలిపి చూపిస్తే నిలదీయండి.

ప్రశ్న: ఆసుపత్రి ముందు ఆరోగ్యశ్రీ, ఈహెచ్‌ఎస్ బోర్డు పెద్దదే ఉంది. వెన్నులో డిస్కు ఆపరేషన్‌కి వెళితే "ఈహెచ్‌ఎస్ కింద ఇప్పుడు చేయడం లేదు, డబ్బు కడితే రేపే చేస్తాం" అన్నారు. మరి ఈ కార్డు ఎందుకు?
- ఉపాధ్యాయురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: మీలాంటి ఉత్తరాలు మాకు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయమ్మా. దీనికి రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది, ట్రస్టు నుంచి ఆసుపత్రులకు రావాల్సిన బకాయిలు. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేసిన సంగతి తెలిసిందే. రెండోది, ప్యాకేజీ ధర. అది తమకు గిట్టుబాటు కాదని ఆసుపత్రి అనుకున్నప్పుడు మొహం మీద కాదనదు. బెడ్డు లేదంటుంది, సర్జన్ ఊళ్లో లేరంటుంది, వచ్చే నెల రమ్మంటుంది.

మీది ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ కాబట్టి నాలుగు రోజుల వ్యవధి ఉంది. దాన్ని ఇలా వాడుకోండి.

బోర్డు చూసి వెళ్లొద్దు. ఆసుపత్రికి గుర్తింపు విభాగాలవారీగా ఉంటుంది. గుండెకు ఉండి వెన్నుకు లేకపోవచ్చు. 104కి ఫోన్ చేసి, మీ ఆపరేషన్ పేరు చెప్పి, అది జాబితాలో ఉందా, మీ జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ ఏ ఆసుపత్రులకు ఆ విభాగంలో గుర్తింపు ఉందో అడగండి. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉంటాయి, అదీ అడగండి.

ఆసుపత్రికి వెళ్లాక బిల్లింగ్ కౌంటరు దగ్గర కాకుండా ఆరోగ్యమిత్ర (ట్రస్టు తరఫున ఉండే సహాయకులు) కూర్చునే హెల్ప్ డెస్క్ దగ్గర మొదలుపెట్టండి. చాలామంది పొరపాటు ఇక్కడే. బిల్లింగ్ కౌంటర్లో పేరు రాయించుకుంటే మీరు డబ్బు కట్టే పేషెంటుగా నమోదవుతారు, తర్వాత మార్చడం కష్టం. ఆరోగ్యమిత్ర దగ్గర మీ కేసు నమోదైతే ఆసుపత్రి ఎంఆర్‌ఐ, రిపోర్టులు అప్‌లోడ్ చేసి ముందస్తు అనుమతి అడగాల్సి వస్తుంది. అప్పుడు మీ కేసు వ్యవస్థ కళ్లకు కనిపిస్తుంది. అత్యవసరమైతే ఫోన్ మీద కూడా అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది.

అనుమతి వచ్చిన ప్యాకేజీలో పరీక్షలు, ఆపరేషన్, ఇంప్లాంట్లు, భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు అన్నీ కలిసే ఉంటాయి. "స్క్రూలు మంచి కంపెనీవి వేస్తాం, 60 వేలు విడిగా కట్టండి" అంటే కట్టనక్కర్లేదు. మీ శ్లాబుకు మించిన గది మీరే కోరుకుంటే ఆ తేడా మాత్రం మీదే. దానికీ రసీదు తీసుకోండి. తెల్లకాగితం మీద చిట్టీ రాసిచ్చి డబ్బడిగితే అది ప్యాకేజీలో లేని ఏ ఖర్చుకో రాసివ్వమనండి. రాసివ్వరు, సాధారణంగా అక్కడితో ఆగుతుంది.

కాదంటే 104లో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు రాసుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ డెస్క్ దగ్గర, ఏమన్నారు అన్నది ఒక కాగితం మీద రాసి ట్రస్టు జిల్లా కోఆర్డినేటర్‌కి ఇవ్వండి. "ఈహెచ్‌ఎస్ పనిచేయడం లేదు" అని రాస్తే అది ఎవరికీ చెందదు. "ఫలానా తేదీన ఫలానా ఆపరేషన్‌కి బెడ్డు లేదన్నారు, డబ్బు కడితే మర్నాడే చేస్తామన్నారు" అని రాస్తే ఆసుపత్రి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: మా వారు వ్యవసాయ శాఖలో ఉద్యోగి. అర్ధరాత్రి గుండెపోటు వస్తే గుర్తింపు ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాం. ఆ హడావిడిలో కార్డు సంగతి గుర్తురాక డబ్బు కట్టేశాం. స్టెంట్ వేశారు, బిల్లు 2,85,000 అయింది. రీయింబర్స్‌మెంట్ ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఏం తప్పు చేశాం?
- కర్నూలు

జవాబు: తప్పు మీది కాదు. ఈ ఫైలులో ఏ కాగితం ఎందుకు అడుగుతారో ఎవరూ ముందుగా చెప్పరు, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాక వాటిలో సగం సంపాదించడం యాతన. కాబట్టి మీ ఫైలుకు మాత్రమే కాక, రేపు ఎవరికైనా పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాం.

రీయింబర్స్‌మెంట్‌కి మూలం 1972 నాటి సమగ్ర వైద్య సదుపాయ నిబంధనలు. డిశ్చార్జి తేదీ నుంచి ఆరు నెలల్లోపు క్లెయిము పెట్టాలి. గడువు లెక్క ఆఖరి బిల్లు కట్టిన రోజు నుంచో, పూర్తిగా కోలుకున్న రోజు నుంచో కాదు. ఫైలు వెనక్కి వచ్చినా మొదటిసారి ఇచ్చిన ఇన్‌వర్డ్ నంబరు, తేదీ మీ దగ్గర ఉండాలి, గడువులో ఇచ్చారనడానికి అదే సాక్ష్యం. ఆ నంబరు లేకుండా ఫైలు ఇచ్చి రావద్దు.

కాగితాలు ఇవి: అపెండిక్స్-2 దరఖాస్తు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, వాటన్నిటి మొత్తం చూపే కన్సాలిడేటెడ్ బిల్లు, ఇదే చికిత్సకు ఇంతకుముందు డబ్బు తీసుకోలేదనే నాన్-డ్రాయల్ సర్టిఫికెట్, ఆసుపత్రి గుర్తింపు ఉత్తర్వు నకలు. పేషెంటు ఉద్యోగి కాకుండా కుటుంబసభ్యులైతే డిపెండెన్సీ సర్టిఫికెట్ కూడా కావాలి. పెన్షనరైతే పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు జత చేయాలి.

ఫైలు ఎక్కడ దెబ్బతింటుందంటే, ఎక్కువగా ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ దగ్గర. ఇది వాడిన మందులూ పరీక్షలూ ఈ జబ్బుకు అవసరమేనని చికిత్స చేసిన డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం. దీని మీద ఉన్న మొత్తం, కన్సాలిడేటెడ్ బిల్లు మీది మొత్తం, అపెండిక్స్-2లో మీరు రాసిన మొత్తం మూడూ రూపాయి తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఆసుపత్రి డిశ్చార్జి రోజున 3,000 రాయితీ ఇచ్చి ఉంటుంది, సర్టిఫికెట్‌లో అది తగ్గించరు, ఫైలు తిరిగొస్తుంది. సంతకం పీఆర్‌ఓదో బిల్లింగ్ మేనేజరుదో అయితే చెల్లదు. చికిత్స చేసిన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర, ఆసుపత్రి ముద్ర ఉండాలి.

ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌లో "పేషెంటును చేర్చుకున్నాం" అన్న ఒక్క వాక్యం చాలదు. చేర్చుకున్న తేదీ, సమయం, అప్పటి పరిస్థితి, ఆలస్యమైతే ప్రాణాపాయం ఉందన్న మాట ఉండాలి. డిశ్చార్జి సమ్మరీలో "రెండు వారాలుగా ఛాతీనొప్పి" అని రాసి, ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌లో "హఠాత్తుగా" అని రాస్తే పరిశీలించే డాక్టరు ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి ప్రశ్నిస్తారు. ఇంటికి వెళ్లే రోజునే సమ్మరీ చదివి, తప్పు ఉంటే అప్పుడే దిద్దించుకోండి.

స్టెంట్ విషయానికి వస్తే, ఆ పెట్టె మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, సైజు, బ్యాచి నంబరు, సీరియల్ నంబరు దాని మీదే ఉంటాయి. ఆసుపత్రి ఒక స్టిక్కర్‌ని కేస్‌షీటులో అతికిస్తుంది. ఇంకొకటి అడిగి తీసుకుని, స్టెంట్ కొనుగోలు ఇన్వాయిస్‌తో కలిపి ఫైలులో పెట్టాలి. యాంజియోగ్రామ్ రిపోర్టు, సీడీ కూడా తీసుకోండి. 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్లకు కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయిస్తోంది, బిల్లులో ధర దాన్ని మించితే ఆ మించినది రాదు. మీ ఫైలులో ఆ స్టిక్కర్ లేకపోతే ఇలా చేయండి. ఆసుపత్రి రికార్డు విభాగానికి రాతపూర్వకంగా రాసి, కేస్‌షీటులో స్టిక్కర్ ఉన్న పేజీ నకలును డాక్టరు అటెస్టేషన్‌తో తెచ్చుకోండి.

పేర్లు కూడా చూడండి. సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు ఉండి, ఆసుపత్రి బిల్లులో లేకపోతే అదొక అభ్యంతరం. అర్ధరాత్రి చేర్చిన బంధువు చెప్పిన పేరే బిల్లులో పడుతుంది. ఇద్దరూ ఒకరేనని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోవచ్చు.

ఎంత వస్తుందన్నది ఇంకో సంగతి. మీరు కట్టింది మొత్తం రాదు. ప్రభుత్వం ఒప్పుకున్న ధరల మేరకు లెక్కగట్టి మంజూరు చేస్తారు. రిజిస్ట్రేషన్ ఫీజు, తోడున్నవారి భోజనం, సబ్బులూ డైపర్లూ ఎలాగూ కొట్టేస్తారు. తగ్గించినదానికి కారణం చూపే పరిశీలన షీటు నకలు అడగడం మీ హక్కు.

మంజూరు ప్రొసీడింగ్స్ వచ్చాక కూడా డబ్బు పడకపోతే ఫైలు మీ ఆఫీసులో లేదు, బిల్లు రూపంలో ట్రెజరీలో ఉంది. అప్పుడు సెక్షన్ గుమాస్తాని అడిగి లాభం లేదు. ట్రెజరీ టోకెన్ నంబరు తీసుకోండి. ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి.

గుర్తింపు లేని ఆసుపత్రిలో ప్రాణాపాయంలో చేరినవాళ్లు కూడా ఆశ వదులుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ పెన్షనరు కేసులో 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించకూడదనీ, చికిత్స నిజంగా జరిగిందా, రికార్డులు ఉన్నాయా అన్నదే చూడాలనీ చెప్పింది. రాష్ట్ర ఉద్యోగులు ఈ తీర్పును ఉటంకిస్తూ సడలింపు కోరవచ్చు. సమయం పడుతుంది, కానీ దారి ఉంది.

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ శాఖలో లెవెల్ 6లో రిటైరయ్యాను. మా ఊళ్లో సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) లేదు. నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం తీసుకుంటున్నాను. కార్డు తీసుకుంటే భత్యం పోతుందంటున్నారు, నిజమా?
- ఒంగోలు

జవాబు: సగం నిజం. సీజీహెచ్‌ఎస్ లేని చోట ఉండే పెన్షనరుకు మూడు దారులున్నాయి. భత్యం ఒక్కటే తీసుకోవచ్చు. భత్యం వదులుకుని దగ్గరి కేంద్రంలో, అంటే విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ లాంటి చోట కార్డు తీసుకుని ఓపీకీ ఆసుపత్రికీ వాడుకోవచ్చు. మూడోది, మీకు నప్పేది: ఓపీ ఖర్చుకు భత్యం తీసుకుంటూనే, ఆసుపత్రిలో చేరితే వాడుకోవడానికి కార్డు తీసుకోవడం.

లెవెల్ 6కి చందా నెలకు 450. ఏడాదికోసారి 5,400 కట్టవచ్చు, లేదా పదేళ్ల మొత్తం 54,000 ఒకేసారి కడితే జీవితకాలం కార్డు ఉంటుంది. లెవెల్ 1 నుంచి 5 వరకు 250, లెవెల్ 7 నుంచి 11 వరకు 650, ఆపైన 1,000. 54,000 పెద్ద మొత్తమే, కానీ అరవై దాటిన దంపతులిద్దరికీ పాత జబ్బులతో సహా జీవితాంతం ఇచ్చే పాలసీ ఈ ధరకు బయట దొరకదు. వీలైతే ఒకేసారి కట్టేయండి. ఏటేటా కట్టేవాళ్లు ఒక ఏడాది మరిచిపోవడం, సరిగ్గా అప్పుడే అవసరం పడటం మామూలే.

పెన్షనర్లకు జాబితాలోని ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం దొరుకుతుంది. 70 దాటినవాళ్లు రిఫరల్ లేకుండా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లవచ్చు, 2024కి ముందు ఈ వెసులుబాటు 75కి ఉండేది. ప్రైవేటు పాలసీ కూడా ఉంటే ముందు కంపెనీ దగ్గర క్లెయిము పెట్టి, మిగిలినది సీజీహెచ్‌ఎస్‌లో అడగవచ్చు. రెండూ కలిపి అయిన ఖర్చును మించకూడదు.

ప్రశ్న: తపాలా శాఖ పెన్షనరుని, 73 ఏళ్లు, సీజీహెచ్‌ఎస్ కార్డుంది. డెబ్బై దాటినవారందరికీ ఆయుష్మాన్ 5 లక్షల కార్డు ఇస్తున్నారు కదా, అదీ తీసుకోవచ్చా?
- సికింద్రాబాద్

జవాబు: రెండూ కుదరవండీ. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆదాయంతో పనిలేకుండా 70 దాటిన అందరికీ ఉంది. కానీ సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ లాంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవారు ఏదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకూ ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకూ ఈ షరతు లేదు.

మీరు మార్చుకోవద్దు. ఆయుష్మాన్‌లో ఏడాదికి 5 లక్షల పరిమితి ఉంది, ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే అది ఇద్దరికీ కలిపి. అది ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. మీకు సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ సెంటర్‌లో నెలనెలా మందులు వస్తున్నాయి, అవి పోతాయి. ఏ ప్రభుత్వ పథకంలోనూ లేని బంధువులు మీ ఇంట్లో ఉంటే మాత్రం ఆధార్‌తో ఆయుష్మాన్ యాప్‌లో వెంటనే నమోదు చేయించండి. వయసు లెక్క ఆధార్ ప్రకారమే. అందులో పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది దిద్దించాలి. సందేహాలకు 14555.

ప్రశ్న: మున్సిపాలిటీలో అవుట్‌సోర్సింగ్ పంపు ఆపరేటర్ని, జీతం 18,000. పర్మనెంటు వాళ్లకు హెల్త్ కార్డు, మాకు ఈఎస్‌ఐ పేరుతో 135 రూపాయల కోత. అక్కడికి వెళ్తే రోజంతా లైను. మాకేం లాభం?
- నిజామాబాద్

జవాబు: లైను నిజమే. మందులు లేవని బయటికి రాసివ్వడమూ ఉంది. అయినా మీ పక్కన పనిచేసే పర్మనెంటు ఉద్యోగి కార్డులో లేనివి మీ 135 రూపాయల్లో ఉన్నాయి.

మీ వాటా జీతంలో 0.75 శాతం, కాంట్రాక్టరు 3.25 శాతం అంటే 585 రూపాయలు కట్టాలి. దానికి వైద్యంతోపాటు పోయిన జీతానికి డబ్బు కూడా వస్తుంది. జబ్బుచేసి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్‌తో సెలవులో ఉంటే ఏడాదికి 91 రోజుల వరకు రోజు సగటు వేతనంలో 70 శాతం వస్తుంది. రోజుకు 600 అనుకుంటే 420. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఉంటుంది. పంపుహౌసులో షాక్ కొట్టో జారిపడో దెబ్బ తగిలితే, ఉద్యోగంలో చేరిన మొదటి రోజైనా సరే, 90 శాతం, దీనికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఆ ప్రమాదాన్ని ఆఫీసులో యాక్సిడెంట్ రిపోర్టుగా నమోదు చేయించడం మాత్రం మరవొద్దు. "చిన్న దెబ్బేగా" అని వదిలేసినవాళ్లే తర్వాత నష్టపోతున్నారు.

జబ్బు సెలవు డబ్బుకు షరతు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉన్న ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడితే, వచ్చే జనవరి నుంచి జూన్ వరకు అర్హత. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినది జులై నుంచి డిసెంబరు వరకు పనికొస్తుంది. ఇక్కడే కాంట్రాక్టు కార్మికులు దెబ్బతింటున్నారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తవాడు పాత ఐపీ నంబరు (ఈఎస్‌ఐ బీమా నంబరు) అడక్కుండా కొత్త నంబరు తీస్తాడు. మీ చందా రెండు ఖాతాల్లో చీలి, ఎందులోనూ 78 రోజులు నిండవు. చేరిన రోజే పాత పది అంకెల నంబరు రాసివ్వండి. ఈఎస్‌ఐ పోర్టల్‌లో నెలకోసారి మీ చందా చరిత్ర చూసుకోండి. జీతంలో కోసి అక్కడ జమ చేయకపోతే ఈఎస్‌ఐసీ బ్రాంచి ఆఫీసులో పేస్లిప్పుతో ఫిర్యాదు ఇవ్వండి. జీతం 21,000 దాటినా ఆ ఆరు నెలల గడువు ముగిసేవరకు మీరు ఈఎస్‌ఐలోనే ఉంటారు.

ప్రశ్న: మా అబ్బాయికి 25 నిండాయి, ఉద్యోగం లేదు. హెల్త్ కార్డులో ఉంచవచ్చా? పెళ్లి కాని అమ్మాయికి 29.
- అనంతపురం

జవాబు: అమ్మాయి మీ మీద ఆధారపడి, ఉద్యోగం లేకుండా ఉంటే వయసు పరిమితి లేదు. భర్త పోయిన, విడాకులైన కూతురికీ అంతే. అబ్బాయికి 25తో ఆగిపోతుంది, వైకల్య ధ్రువపత్రం ఉంటే తప్ప. అతనికి ఈ నెలలోనే విడిగా పాలసీ తీసుకోండి, ఈ వయసులో ప్రీమియం తక్కువ.

ప్రశ్న: మా సంఘం సమావేశంలో సగంమంది "చందా పెంచినా సరే, నాణ్యమైన వైద్యం ఇవ్వండి" అన్నారు. మిగతా సగం "పైసా కూడా కట్టం, రీయింబర్స్‌మెంటే ఉంచండి" అన్నారు. ఏది అడగాలి?
- ఉద్యోగ సంఘ కార్యకర్త, వరంగల్

జవాబు: రీయింబర్స్‌మెంటే చాలనేవాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. అది చేతిలో మూడు లక్షలు ఉన్నవాడికి పనికొచ్చే సదుపాయం. ఆఫీసు సబార్డినేటు ముందు ఆ మూడు లక్షలు తేవాలి, వడ్డీ కట్టాలి, ఏడాది ఎదురుచూడాలి. వచ్చేదాంట్లో కోతపడ్డ భాగమూ, వడ్డీ మొత్తమూ అతని నెత్తినే. కాబట్టి నగదురహిత వైద్యాన్ని వదులుకోకూడదన్నది మా గట్టి అభిప్రాయం. ఆపదలో దిక్కుగా రీయింబర్స్‌మెంటూ ఉండాలి.

చందా పెంచుకోవడానికి ఒప్పుకుంటే ఊరికే ఒప్పుకోవద్దు. ఆసుపత్రి కార్డును కాదనడానికి మూలం బకాయిలని పైన చెప్పాం. మన చందా, ప్రభుత్వ వాటా కలిసి వేరే ఖాతాలో పడాలనీ, వేరే అవసరాలకు మళ్లించరాదనీ, ఆసుపత్రి బిల్లులు ఇన్ని రోజుల్లో చెల్లిస్తామన్న గడువు ఉత్తర్వులోనే ఉండాలనీ అడగండి. ప్యాకేజీ ధరలను ఎన్నేళ్లకోసారి సవరిస్తారో అందులోనే రాయించండి. ట్రస్టు బోర్డులో ఉద్యోగుల, పెన్షనర్ల ప్రతినిధులకు చోటు ఉండాలి. షుగరు, బీపీ, థైరాయిడ్, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు జిల్లా కేంద్రంలో నెలవారీ మందులు ఇప్పించాలి. చందా కడుతున్నా ఏళ్ల తరబడి ఏమీ అందలేదనుకునే కాకినాడ పాఠకుడి లాంటివారికి పథకం మీద నమ్మకం కలిగేది దీనితోనే.

మీ సంఘం తరఫున ఇంకో పని చేయవచ్చు. ప్రతి మండలంలో ఒకరు కార్డు కాదన్న ఘటనలన్నీ తేదీ, ఆసుపత్రి, విభాగం, 104 ఫిర్యాదు నంబరుతో ఒక రిజిస్టరులో రాయండి. చర్చలకు పిలిచిన రోజున ఆ రిజిస్టరు నకళ్లు ఆరోగ్య శాఖకొకటి, ఆర్థిక శాఖకొకటి ఇవ్వండి. బిల్లులు విడుదల చేసేది ఆర్థిక శాఖే కాబట్టి రెండోది మరిచిపోవద్దు.